నా నోట్సులో ఏడో స్టెప్పు

నేను రాసిన నోట్సు ఒకటుండాది. ముప్పై రెండు పేజీలు, తెల్ల కాగితం, నీలం ఇంకు, అంతా తెలుగు. సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకునేదానికి రాసిన నోట్సు. రెసిస్టర్లూ డయోడ్లూ నిజంగా అతికించే పనిలేకుండా, కంప్యూటర్‌లోనే బొమ్మ గీసి, దాంట్లోనే కరెంటు పారించి, యాడ ఎన్ని వోల్టులు వస్తాయో చూసుకునే సాఫ్ట్‌వేర్ అది. ఆ నోట్సు మదనపల్లెలో పుట్టింది, పుంగనూరులో జిరాక్సులై పెరిగింది, కుప్పంలో ఒక ఆడపిల్ల నోట్లో మట్టి కొట్టింది. నోట్సు కొట్టిందని అంటాండాను చూడండి, ఇంత జరిగినాక కూడా నా బుద్ధి మారలేదు. కొట్టింది నేను.

తొంభైల నడిమిలో డిప్లొమా పాసై మదనపల్లెలో ఒక కంప్యూటర్ సెంటర్లో చేరినాను. కింద టమేటా పెట్టెలకు మేకులు కొట్టే అంగడి, పైన మా సెంటరు. పొద్దన నుంచి సాయంత్రం దాకా సుత్తి దెబ్బలే. మా నాయన బి.కొత్తకోట పక్క పల్లెలో సెనక్కాయలు పెరికే కూలికి పోయేవాడు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. డిప్లొమాలో చేరినాక పుస్తకాలన్నీ ఇంగ్లీషే. ఏమి చదువుతాండానో తెలీకుండానే మూడేండ్లు బట్టీ కొట్టి బయట పడినాను. అందుకే ఇంగ్లీషు పుస్తకం చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

సెంటర్లో ఆ సాఫ్ట్‌వేర్ నేర్చుకునేదానికి ఒక ట్యుటోరియల్ ఉండేది. బెంగళూరు నుంచి ఎవరో ఎప్పుడో తెచ్చింది. జిరాక్సుకు జిరాక్సు, దానికి మళ్ళీ జిరాక్సు. సగం అక్షరాలు అలుక్కుపోయినాయి. అప్పటికే అది పాతది, దాంట్లో చెప్పిన మెనూ ఒకటి, మా తెర మీద కనిపించే మెనూ ఇంకొకటి. నడిమిలో రెండు పేజీలు లేనే లేవు. నేను నెలన్నర దాంతో తలకాయ పగలగొట్టుకున్నాను. ఒక మధ్యానం అందరూ భోజనానికి పోయినాక కంప్యూటర్ ముందర కూర్చుని ఏడ్చినాను కూడా. ఏడ్చి, మొగం కడుక్కొని, ఒక్కో బటనూ నొక్కి చూసి, ఏది నొక్కితే ఏమొస్తుందో తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టినాను. అదే నా నోట్సు.

పోయిన రెండు పేజీల్లోనే ఏడో స్టెప్పు ఉండాది. గ్రౌండ్ పెట్టే స్టెప్పు. తెలీనోళ్ళకి ఒక్క మాటలో చెప్తాను. బావి లోతు ఎంతంటే గట్టు నుంచి కొలుస్తాము కదా. సర్క్యూట్‌లో కూడా అట్లాంటి గట్టు ఒకటుండాల, ఈడ సున్నా వోల్టులు అని ముందే ఒప్పుకున్న చోటు. దానికొక గుర్తుంటుంది, నేల గుర్తు అనేవాళ్ళం. అది లేకపోతే సాఫ్ట్‌వేర్‌కు యాడి నుంచి కొలవాలో తెలీదు, లెక్క చెయ్యనని మొండికేస్తుంది. మా దగ్గరున్న పాత వెర్షన్లో నేల గుర్తులు మూడు రకాలుండేవి. ఏది పెట్టినా పని జరిగేది. నేను మూడిట్లో చూపుకు బాగుండేదాన్ని పెట్టమని రాసినాను. చూపుకు బాగుండాదని! అంతకు మించి ఇంకో కారణం లేదు.

నోట్సు మాత్రం బాగా రాసినాను. ఆ మాట చెప్పుకునేదానికి నాకు సిగ్గు లేదు. ఎదురుగా కూర్చుని చెప్పినట్టు ఉంటుంది. "ఎఫ్ టెన్ నొక్కు. రెండు తూర్లు కిందికి పో. ఎంటర్ కొట్టు. భయపడొద్దు, ఏమీ కాలిపోదు." అట్లా. తెలుగు మీడియం పిలకాయలకి అది చేతికి దొరికిన కొమ్మ. రెండేండ్లకు పుంగనూరులో ఒక ట్రైనింగ్ సెంటర్‌కు మారితే నోట్సు నాకంటే ముందే ఆడికి పోయుండాది. బస్టాండు దగ్గర జిరాక్సు అంగడాయన దాన్ని ఫైల్లో పెట్టుకొని, ఎవురడిగినా తీసిచ్చేవాడు. పెద్దతిప్పసముద్రం నుంచి ఒకాయన తన కొడుకు కోసం దాన్ని వెతుక్కుంటా వచ్చినాడు. "మీరేనా సార్ అది రాసింది?" అని నాకు దండం పెట్టినాడు. ఆ పొద్దు నాకు అన్నం కూడా సయించలేదు, సంతోషంతోనే కడుపు నిండిపోయింది.

అప్పటి నుంచి నాకు తలకెక్కింది. సాఫ్ట్‌వేర్ మారింది, కొత్త వెర్షన్ వచ్చింది, తెరంతా వేరేగా ఉంటుందని పుంగనూరుకు వచ్చిన ఒక ఇంజినీరు ఒక తూరి చెప్పినాడు. "నోట్సు కూడా మార్చండి సార్, పాతదైపోయింది" అన్నాడు పాపం, మంచిగానే. నేను ఆయన మీద ఎగిరి పడినాను. "మీ బెంగళూరు ఎచ్చులు మా దగ్గర వద్దప్పా, మా పిలకాయలు ఈ నోట్సుతోనే పాసవుతాండారు" అని పంపించేసినాను. పాతదయింది అంటే నేను పనికిరాకుండా పోయినానని అన్నట్టుండె నాకు. మాట పడే మనిషిని కాదు నేను. అదొక గొప్ప అనుకునేవాణ్ణి.

రెండువేల మూడో నాలుగో, కుప్పం అవతల ఒక ప్రైవేటు డిప్లొమా కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరినాను. ఆ కాలేజీ ఇప్పుడు లేదు. కట్టడం మాత్రముండాది, పెళ్ళిళ్ళకు ఇస్తాండారు. అప్పట్లో ల్యాబులో ఆరు పాత కంప్యూటర్లుండేవి, వాటిల్లో పాత వెర్షనే. నా నోట్సుకూ వాటికీ సరిగ్గా సరిపోయింది. నేను పోయిన వారానికే పిలకాయలందరి చేతుల్లో దాని జిరాక్సులు.

ఆ పిల్ల అప్పుడు రెండో సంవత్సరం. శాంతిపురం పక్క నుంచి బస్సులో వచ్చేది. వాళ్ళ నాయన గ్రానైటు రాళ్ళు కోసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, ఇరవై ఏండ్లుగా ఆ రాతి పొడి మింగి మింగి దగ్గు పట్టుకొనుండాది ఆయనకి. వాళ్ళింట్లో పదో తరగతి దాటింది ఈ పిల్ల ఒక్కతే. నా నోట్సుకు సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసుకొని, మార్జిన్లో పెన్సిల్‌తో సన్నగా ఏమేమో రాసుకునేది. రెండు జడలు, ముందు బెంచీ, నోరు తెరిస్తే ప్రశ్న. "యాల సార్ ఈడ రెండు తూర్లు కిందికి పోవాల? ఒక తూరి పోతే ఏమవుతుంది సార్?" నాకు విసుగు పుట్టేది. "పోయి సూడు, తెలుస్తాది" అనేవాణ్ణి. నిజంగానే పోయి చూసేది.

మూడో సంవత్సరం చివరాఖర్లో బెంగళూరు నుంచి ఒక కంపెనీ వాళ్ళు వచ్చినారు, సర్క్యూట్ బోర్డులు పరీక్ష చేసే కంపెనీ. రాత పరీక్ష పెట్టి, కాలేజీ మొత్తానికి ముగ్గుర్ని ఎంచుకున్నారు. ముగ్గురిలో ఈ పిల్ల ఒకతి. షరతు ఒకటే. జూన్ కల్లా అన్ని సబ్జెక్టులూ, ల్యాబులతో సహా, ఒకే దెబ్బకు పాసయ్యుండాల. ఒక్కటి పోయినా ఆ కాగితం చెల్లదు. ఆ కాగితం తెచ్చి నాకు చూపించింది. "ఉద్యోగంలో సేరిన మర్నాడే మా నాయన్ని ఆ రాతి పొడిలోనించి బయటికి తెస్తాను సార్. ఇంగ ఆయన ఒక్క రాయి కూడా కోసే పని లేదు" అనింది. నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. నా నోట్సు చదివిన పిల్ల కదా అని గర్వం కూడా.

అదే నెలలో కాలేజీకి ఇన్‌స్పెక్షన్ వచ్చింది. దానికోసం ప్రిన్సిపాలు పది కొత్త కంప్యూటర్లు తెప్పించినాడు. ఒక కుర్ర ఇంజినీరు వచ్చి వాటిల్లో కొత్త వెర్షన్ ఎక్కించి, నమూనాకని తయారు చేసిన సర్క్యూట్లు కొన్ని ఒక ఫోల్డర్లో పెట్టి పోయినాడు. వాటి మీద గుడ్డ కవర్లు కప్పి, గదికి తాళం వేసి, తాళంచెవి నా చేతికిచ్చినారు. ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా ఎవరూ ముట్టకూడదన్నారు. మా కాలేజీల తీరే అంత, కొత్త వస్తువు చూపించేదానికి, పాత వస్తువు వాడుకునేదానికి. నేను కూడా ముట్టలేదు. తాళం నా జేబులోనే ఉండాది, ఒక పూట కూర్చుని నేర్చుకోవచ్చు. భయం. ఆ కొత్త తెర ముందర నేను మళ్ళీ మదనపల్లెలో ఏడ్చిన పిలగాణ్ణి అయిపోతానేమోనని భయం. అది ఎవరితోనూ చెప్పలేదు.

ఇన్‌స్పెక్షన్ ముగిసిన రెండో రోజు మధ్యానం దుమ్ము దులిపేదానికి కవర్లు తీయించినాను. పిలకాయలు ఏడెనిమిదిమంది లోపలికి వచ్చినారు. ఆ పిల్ల అడిగింది.

"సార్, ఒక్క తూరి దీంట్లో ఏసి సూస్తాను సార్."

"సూడు. ఏమీ పాడు సెయ్యొద్దు."

పావుగంటకు పిలిచింది. "సార్, నోడ్ ఫ్లోటింగ్ అని తప్పు సూపిస్తాండాది సార్. అన్నీ మీ నోట్సులో ఉండేట్టే సేసినాను."

"యాడో ఒక స్టెప్పు తినేసింటావు. మొదట్నించి సెయ్యి."

మొదట్నించి చేసింది. మళ్ళీ అదే. నేను దూరంగా కూర్చుని రిజిస్టరు తిప్పుతాండాను. దగ్గరికి పోతే నాకూ తెలీదని తేలిపోతుంది కదా. ఇంకో అరగంటకు కుర్చీలోనించి ఎగిరి లేచింది.

"సార్! వచ్చేసింది సార్! ఏడో స్టెప్పు సార్. మన నోట్సులో ఉండే నేల గుర్తు దీనికి పనికిరాదు. గుర్తు పేరు సున్నా అని ఉండాల. అది పెడితేనే ఒప్పుకుంటాండాది. సూడండి సార్, ఎంత బాగా వచ్చిందో!"

మొగమంతా వెలుగు. నాతో చెప్పాలనే ఉత్సాహమే తప్ప ఇంకేమీ లేదు ఆ పిల్లకి. అప్పుడు వెనక నుంచి ఒకడు, "సార్ నోట్సు తప్పంటప్పా" అన్నాడు. అందరూ నగినారు. ఆ నగు వినేసరికి నా ఒళ్ళు కాలిపోయింది.

"ఏమ్మా, నువ్వు నాకు నేర్పిస్తాండావా?" అన్నాను. "మూడూళ్ళ పిలకాయలు ఇన్నేండ్లుగా ఈ నోట్సు సదివి పాసైనారు. ఎవరికీ రాని తప్పు నీకే వచ్చిందా?"

"కాదు సార్, దీంట్లో..."

"దీంట్లో లేదు, దాంట్లో లేదు. గమ్మునుండు. నాలుగు బటన్లు నొక్కేది తెలీంగానే కండ్లు నెత్తికెక్కినాయా? అదేంది మార్జిన్లో రాసుకున్నావు? సున్నానా? కొట్టెయ్. నా ముందరే కొట్టెయ్. పరీక్షలో ఇట్లాంటి పిచ్చి పనులు సేస్తే ఆ సున్నా నీకే వస్తాది."

పిలకాయలు ఇంకా గట్టిగా నగినారు. ఆ పిల్ల పెన్సిలు తీసి, తల వంచుకొని, రాసిన మాట మీద అడ్డంగా గీత గీసింది. ఒక గీత కాదు, మూడు గీతలు. నోట్సు సంచిలో పెట్టుకొని బయటికి పోయింది. కంప్యూటర్ కట్టెయ్యడం కూడా మర్చిపోయింది.

అందరూ పోయినాక నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. నా నోట్సు ప్రకారం గీసినాను. నోడ్ ఫ్లోటింగ్. కొలిచేదానికి గట్టు దొరకలేదని దానర్థం. మళ్ళీ గీసినాను. నోడ్ ఫ్లోటింగ్. నేల గుర్తు తీసేసి, ఆ పిల్ల చెప్పినట్టు సున్నా పెట్టినాను. తెర మీద అలల మాదిరి గీత చక్కగా పారింది.  తొమ్మిదేండ్ల నోట్సు, ఒక పదెనిమిదేండ్ల పిల్ల అరగంటలో పట్టుకునింది.

పరీక్షకు ఇంకా మూడు వారాలుండాయి. "నువ్వు సెప్పిందే కరెక్టమ్మా." ఇంతే కదా చెప్పాల్సింది! మూడు మాటలు. పొద్దన్నే ల్యాబులోకి వస్తుంది, వంగి దండం పెడుతుంది, నేను తల ఊపుతాను, నోరు పెగలదు. ఇప్పుడు చెప్తే, తిట్టినందుకు తప్పు ఒప్పుకోవాల. అదీ అందరి ముందర తిట్టినాను కాబట్టి అందరి ముందరే ఒప్పుకోవాల. నాకు మొగం చెల్లలేదు. పరీక్ష ఎట్లాగూ పాత కంప్యూటర్ల మీదే కదా, పాతదాంట్లో నా నోట్సు సరిగ్గానే ఉండాది కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. పరీక్ష అయిపోయినాక నిమ్మళంగా కొత్త కాగితం రాస్తాంలే అనుకున్నాను.

పరీక్షకు ముందు రోజు సాయంత్రం ప్రిన్సిపాలు పాత కంప్యూటర్లన్నీ స్టోరు రూములోకి మోయించినాడు. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తాడు కదా, ఆయనకి కొత్తవి కనపడాలంట.  పొద్దన్నే వాకిట్లోనే పట్టుకొని చెప్పేస్తాను అని గట్టిగా అనుకున్నాను, ఒట్టు. ఆ పొద్దు శాంతిపురం బస్సు లేటు. ఆ పిల్ల గస పోసుకుంటా పరుగెత్తుకొచ్చేసరికి ఎగ్జామినర్ చీటీల డబ్బా పట్టుకొని నిలబడుండాడు.

చీటీ తీసింది. రెక్టిఫయర్ సర్క్యూట్ వచ్చింది. కండ్లు మూసుకొని వేస్తుంది దాన్ని. తక్కిన పిలకాయలకు ఏ చీటీ వచ్చినా ఒకటే, ఆ ఇంజినీరు పెట్టిపోయిన ఫోల్డరు సంగతి వాళ్ళకి తెలుసు. సున్నాతో సహా తయారుగా ఉండే బొమ్మ తెరిచి, విలువలు మార్చి, ఇదిగో సార్ అనేస్తారు. నాకూ తెలుసు ఆ సంగతి, చూసీ చూడనట్టుండినాను. ఈ పిల్లకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా తెరిచేది కాదు. తానే గీసేది.

గీసింది. నడిపింది. నోడ్ ఫ్లోటింగ్.

తల తిప్పి నా పక్క చూసింది. నేను గది చివర యూపీయస్ దగ్గర నిలబడుండాను. ఏమడుగుతాండాదో నాకు తెలుసు. ఆ సున్నా పెట్టనా సార్ అని. నోరు తెరిచే పని కూడా లేదు, ఒక్క తూరి తల ఊపితే చాలు. ఎగ్జామినర్ వీపు మా పక్కే ఉండాది, చూసేది కూడా లేదు. నేను తల కిందికి దించి యూపీయస్ మీద లైట్లు చూసినాను. పచ్చ లైటు వెలుగుతాండాది. దాన్నే చూస్తా ఉండిపోయినాను.

మళ్ళీ నేను తలెత్తేసరికి ఆ పిల్ల గీసిందంతా తుడిచేసి, నా నోట్సులో ఉండేట్టు ఒకటో స్టెప్పు నుంచి మొదలుపెట్టింది. మూడు తూర్లు చేసింది.  నా పక్క మళ్ళీ చూడలేదు.

టైమయిపోయినాక ఎగ్జామినర్ దగ్గరికి పోయినాడు. "ఏమైందమ్మా, రాలేదే?"

"నేనే యాడో స్టెప్పు తప్పినాను సార్" అనింది.

ఆయన నన్ను పిలిచినాడు. కఠినమైన మనిషే గాని అన్యాయస్తుడు కాదు. "ఏమండీ, మీరు అందరికీ ఒకే మాదిరి నేర్పించినారు కదా? సిస్టంలో ఏమైనా తేడా ఉండాదా?" అని అడిగినాడు. అడిగినాడు ఆయన! దారి తీసి చూపించినాడు. నేనేమన్నానో తెలుసునా? "అందరికీ వచ్చింది కదా సార్" అన్నాను. ఆయన సరేనని తల ఊపి, కాగితం మీద మార్కు వేసుకున్నాడు.

ల్యాబులో ఫెయిలవడమనేది మా పక్క ఎవరూ విని ఎరగరు. థియరీలో పోతారు, లెక్కల్లో పోతారు, ల్యాబులో ఎవరు పోతారు? జూన్‌లో ఫలితాలు వచ్చినాయి. అన్ని థియరీ పేపర్లూ మంచి మార్కులు, ల్యాబు దగ్గర ఎఫ్. కంపెనీ కాగితం చెల్లకుండా పోయింది. తక్కిన ఇద్దరు పిలకాయలూ కుప్పంలో పొద్దన్నే రైలెక్కి బెంగళూరు పోయినారు. ఈ పిల్లకి వచ్చిన ఉద్యోగం ఇంకెవరికో పోయింది.

నాలుగు రోజులకు వాళ్ళ నాయన ఆమెను వెంటబెట్టుకొని కాలేజీకి వచ్చినాడు. నేను ల్యాబులో ఉండాను. కొట్టేదానికి వచ్చినాడనుకున్నాను. కొట్టింటే బాగుండు. సన్నటి మనిషి, గోళ్ళ సందుల్లో తెల్లటి రాతి పొడి, మెట్లెక్కి వచ్చిన దానికే ఒక నిమిషం దగ్గినాడు. దగ్గు తగ్గినాక రెండు చేతులూ ఎత్తి దండం పెట్టినాడు.

"సారూ, మా పాప మీ పేరు సెడగొట్టింది" అన్నాడు. "మా అట్లాంటోళ్ళ కోసరమని తెలుగులో అంత బాగా రాసిస్తిరంట గదా. అది సూసుకొని కూడా తప్పు సేసిందే. తొందర సారూ దీనికి, సిన్నప్పటి నుంచి తొందర. మీరు మనసులో ఏమీ పెట్టుకోవద్దండి. సప్లిమెంటరీకి రవ్వంత దగ్గరుండి సెప్పండి సారూ."

ఆ పిల్ల గోడ పక్క చూస్తా నిలబడుండాది.

"పర్వాలేదులే పెద్దాయనా" అన్నాను నేను. "పిల్లలన్నాక జరుగుతా ఉంటాయి."

క్షమించినాను! నేను, ఆ మనిషిని! ఆ మాట అన్నందుకు నా నాలుక తెగి కింద పడుండాల్సింది. పడలేదు. ఆయన ఇంకో తూరి దండం పెట్టి, మెట్లు దిగతా మళ్ళీ దగ్గినాడు. ఆ దగ్గు కింద గేటు దాకా వినపడింది.

తరవాత కూర్చుని ఏడో స్టెప్పు మార్చి రాసినాను. ఒకే ఒక కాగితం. సప్లిమెంటరీ రాసేవాళ్ళు నలుగురుంటే నలుగురికీ ఇచ్చినాను, ఏదో కొత్తగా వచ్చిన సంగతి మాదిరి. ఆ పిల్ల కూడా తీసుకునింది. చదివింది, మడిచి సంచిలో పెట్టుకునింది. పరీక్ష నాడు పది నిమిషాల్లో సర్క్యూట్ గీసి చూపించింది. మిగిలిన టైమంతా ఊరికే కూర్చుని మౌసు తిప్పతా ఉండింది. ఎగ్జామినర్ పోయినాక, పిలకాయలంతా పోయినాక, నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"సార్, ఈ కాగితం ఎప్పుడు రాసినారు?"

"మొన్నే అమ్మా. కొత్త వెర్షన్ సూసినాక."

"కొత్త వెర్షన్ ఎప్పుడు సూసినారు సార్?"

నేను టేబుల్ మీద రిజిస్టరు మూసినాను.

"ఈ సిస్టంలో మీ పేరుతో ఒక ఫైలుండాది సార్" అనింది. గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపింది. "ఇప్పుడే తెరిచి సూసినాను. నేను గీసిన సర్క్యూటే. సున్నా పెట్టుండాది. తేదీ కూడా ఉండాది దాంట్లో. మీరు నన్ను తిట్టిన దినమే సార్. సాయంత్రం ఐదు గంటలు."

ఓరి దేవుడా. సేవ్ చేసిన సంగతే నాకు మతికి లేదు. చేతి అలవాటు. ప్రతి పేజీ అడుగునా సేవ్ చెయ్యడం మర్చిపోవద్దని రాసినోణ్ణి కదా, నేనెందుకు మర్చిపోతాను! కూర్చున్న చోటనే నా మొగం నల్లబడిపోయింది. ఏదో చెప్పబోయినాను, తప్పయిపోయిందనో, క్షమించమనో. ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకేమీ సెప్పొద్దు సార్. నాకు తెలిసింది, సాలు. మా నాయనకి సెప్పండి. ఎవరడిగినా, మా పాప తొందరపడింది, బంగారు మాదిరి ఉద్యోగం పోగొట్టుకునింది అంటాడు. నేను సెప్తే నమ్మడు సార్. సార్ మీదనే సెప్తావా అని కసురుకుంటాడు. మీరొచ్చి ఒక్క మాట సెప్తే నమ్ముతాడు."

"వస్తానమ్మా" అన్నాను. "ఈ ఆదివారమే వస్తాను."

శాంతిపురం ఎంత దూరమని? బస్సెక్కితే ఎంతసేపని? ఆ ఆదివారం తెల్ల చొక్కా వేసుకొని కుప్పం బస్టాండు దాకా పోయినాను. బస్సు వచ్చింది, జనం ఎక్కినారు, కండక్టరు నన్ను చూసి "వస్తావా అప్పా?" అన్నాడు. తల అడ్డంగా ఊపినాను. ఆయన ముందర నిలబడి, రెండు చేతులెత్తి నాకు దండం పెట్టిన మనిషి ముందర నిలబడి, ఆ మాట ఎట్లా ఎత్తుకునేది? వచ్చే వారం పోదాంలే అనుకున్నాను. వచ్చే వారం ఇంకో వారమయింది. ఆ పిల్ల బెంగళూరులో గార్మెంట్స్‌లో చేరిందని, పొద్దన్నే రైల్లో పోయి చీకటి పడినాక ఇల్లు చేరుతాండాదని ఎవరో చెప్పినారు. వాళ్ళ నాయన ఇంకా రాళ్ళే కోస్తాండాడన్నారు. విన్నాను, నా పని నేను చేసుకున్నాను.

మరుసటి ఎండాకాలం మా ఆఫీసులో అటెండరు, ఆయనది కూడా శాంతిపురం పక్కే, మాటల్లో చెప్పినాడు. ఆ పిల్ల నాయన పోయినాడంట. ఊపిరితిత్తులంతా రాతి పొడేనని డాక్టర్లు చెప్పినారంట. కర్మాంతరం కూడా అయిపోయింది.

ఆ పొద్దు మధ్యానమే, లీవు కూడా పెట్టకుండా, బస్సెక్కినాను. ఇల్లు అడుక్కుంటా పోయినాను. రేకుల ఇల్లు, వాకిట్లో తీగ మీద మగోళ్ళ చొక్కా ఒకటి ఇంకా వేలాడతాండాది. ఆ పొద్దు పనికి పోలేదేమో, ఆ పిల్ల అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతాండాది. సన్నబడిపోయుండాది. నన్ను చూసి లేచి నిలబడింది, చేట పక్కన పెట్టింది. దండం పెట్టలేదు.

"సెప్పేదానికి వచ్చినానమ్మా" అన్నాను. 

తీగ మీది చొక్కా పక్క చూసింది. తరవాత అడిగింది.

"ఇప్పుడు ఎవరికి సెప్తారు సార్?"

 ఆమె మళ్ళీ కూర్చుని చేట ఒళ్ళో పెట్టుకునింది. నేను రోడ్డు దాకా నడిచి, కుప్పం బస్సు వస్తే ఎక్కి వచ్చేసినాను.